సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేవాళ్లు కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాల మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. అందులో కాంట్రాక్ట్ స్పెషలిస్ట్ ఉద్యోగం గురించి రెండే రెండు వాక్యాలు ఉన్నాయి. నాలుగు కోర్సులు పూర్తి చేసి ఒక పరీక్ష పాసైతే సర్టిఫికేషన్ వచ్చేస్తుందని, ఆ తర్వాత కెరీర్‌కి ఢోకా ఉండదని రాశారు. మొదటి వాక్యం దాదాపు నిజమే. రెండోది చదివి మాత్రం మనసు ఊరుకోలేదు, ఎందుకంటే నేను పద్దెనిమిదేళ్లుగా ఈ పనే చేస్తున్నాను, గత ఆరేళ్లుగా కొత్తగా చేరినవాళ్లకి నేర్పడం కూడా నా మీదే పడింది, ఆ పరీక్ష పాసైన పిల్లలు మొదటి ఫైలు చేతికొచ్చినప్పుడు ఎంత టెన్షన్ పడతారో దగ్గర నుంచి చూస్తున్నాను.

ముందు అసలు ఈ పని ఏమిటో చెప్తాను, మనవాళ్లలో చాలామందికి తెలియదు. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఏటా 70,000 కోట్ల డాలర్లకు పైగా కాంట్రాక్టుల మీద ఖర్చు పెడుతుంది. యుద్ధ విమానాల నుంచి ఆసుపత్రుల్లో దుప్పట్లు ఉతికించడం దాకా అన్నీ అందులోనే. ఆ ప్రతి కాంట్రాక్టు వెనకా ఒక ఫైలు, ఆ ఫైలు తయారుచేసే ఒక మనిషి ఉంటారు. ఉద్యోగాల వర్గీకరణలో ఆ పోస్టు నంబరు 1102 కాబట్టి మాలో మేము ‘ఎలెవన్ ఓ టూ’లం అనే చెప్పుకుంటాం. ఏం కొనాలి, మార్కెట్లో ఎవరు అమ్ముతున్నారు, పోటీ ఎలా పెట్టాలి, వచ్చిన ధర సమంజసమేనా, ఏ క్లాజులు, అంటే ఒప్పంద షరతులు, ఉండాలి, ఒప్పందం అయ్యాక వాళ్లు పని సరిగ్గా చేస్తున్నారా, ఇవన్నీ చూసి స్పెషలిస్ట్ ఫైలు సిద్ధం చేస్తే కాంట్రాక్టింగ్ ఆఫీసర్ సంతకం పెడతారు. ఆ ఆఫీసర్‌కి వారంట్ అని ఒక నియామక పత్రం ఉంటుంది, ఎంత మొత్తం వరకు సంతకం పెట్టొచ్చో అందులో రాసి ఉంటుంది, చాలామంది దాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకుంటారు. ఆ అధికారం లేనివాళ్లు ఎంత పెద్ద హోదాలో ఉన్నా, ‘సోమవారం నుంచి పని మొదలుపెట్టండి’ అని కంపెనీకి మాటిస్తే ఆ మాట ప్రభుత్వాన్ని కట్టి పడెయ్యదు. తర్వాత దాన్ని సక్రమం చేయడానికి వేరే పద్ధతి ఉంది కానీ అది అందరికీ తలనొప్పి, డబ్బు వస్తుందో రాదో తెలియక చిన్న కంపెనీలు నెలల తరబడి ఎదురుచూస్తాయి.

కొత్తవాళ్లు ఎవరొచ్చినా మొదటి వారంలో నేను ఒక కేసు చెప్తాను. 1945లో ఐడహో రాష్ట్రంలో మెర్రిల్ అన్నదమ్ములు గోధుమ వేసి, ప్రభుత్వ పంట బీమా సంస్థ తరఫున పనిచేసే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకున్నారు. 460 ఎకరాల్లో 400 ఎకరాలు శీతాకాలపు గోధుమ వేసిన నేలలోనే మళ్లీ విత్తామని దాచకుండా చెప్పారు. పర్లేదు, మొత్తానికీ బీమా వర్తిస్తుందని కమిటీ చెప్పింది. వాన లేక పంట ఎండిపోయింది. తీరా చూస్తే అలా మళ్లీ విత్తిన పంటకు బీమా వర్తించదని నిబంధనల్లో ఉంది, ఆ సంగతి అటు రైతులకూ తెలియదు, ఇటు వాళ్లకి మాటిచ్చిన కమిటీకీ తెలియదు. 1947లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో రైతులకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ప్రభుత్వం తరఫున మాట్లాడే మనిషికి ఆ అధికారం ఎంతవరకు ఉందో తెలుసుకోవాల్సిన బాధ్యత ఎదుటివాళ్లదే అని దాని సారాంశం. నేను రైతు కుటుంబం నుంచి వచ్చినదాన్ని, ఆ తీర్పు చెప్పిన ప్రతిసారీ నాకు కష్టంగానే ఉంటుంది. అందుకే కొత్తవాళ్లకి అది న్యాయసూత్రంగా చెప్పను, మనం తెలియక ఒక్క మాట తూలితే అవతల ఒక కుటుంబం ఏమవుతుందో చూడండి అని చెప్తాను. పరీక్షలో ఆ కేసు మీద ప్రశ్న వస్తే జవాబు గుర్తుపట్టడం తేలికే. ఫోన్లో ఇంజినీరు గారు వెండర్‌తో ‘మీరు కానివ్వండి, పేపర్లు తర్వాత చూసుకుందాం’ అంటున్నప్పుడు, మూడు నెలల క్రితం చేరిన పిల్ల మధ్యలో అడ్డుకుని ‘క్షమించాలి, ఆ అధికారం మీకు లేదు’ అనగలగడం, అదీ కష్టం. అది కోర్సుల్లో రాదు. పక్కన ఒక పెద్ద మనిషి అలా అంటుండగా ఒక్కసారైనా విని ఉండాలి.

సర్టిఫికేషన్ సంగతికి వస్తాను. రక్షణశాఖలో ఈ పని చేసేవాళ్లకి చదువు, శిక్షణ, అనుభవం ఇంత ఉండాలని 1990లో చట్టం చేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు మూడు మెట్లు ఉండేవి, మొదటి మెట్టుకి ఏడాది అనుభవం, రెండో దానికి రెండేళ్లు, మూడో దానికి నాలుగేళ్లు, ప్రతి మెట్టుకీ విడిగా బోలెడు కోర్సులు. 2022 ఫిబ్రవరి నుంచి రక్షణశాఖ ఆ మూడింటినీ కలిపి ఒకటే సర్టిఫికేషన్ చేసింది. పునాది, కాంట్రాక్టుకి ముందు దశ, కాంట్రాక్టు ఇచ్చే దశ, ఇచ్చిన తర్వాతి దశ అని కోర్సులు, చివర ఒక పరీక్ష. పౌర శాఖలు కూడా ఏడాది తర్వాత, 2023 ఫిబ్రవరిలో, అదే దారి పట్టాయి. ఇది మంచి మార్పే, మనస్ఫూర్తిగా చెప్తున్నాను. పాత పద్ధతిలో ఎప్పటికీ ముట్టుకోని విషయాల మీద కూడా వారాల తరబడి క్లాసుల్లో కూర్చోబెట్టేవారు, ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి మారితే చదివిందే మళ్లీ చదవాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ బాధ తగ్గింది. కోర్సులు తగ్గించినప్పుడు చెప్పిన ఉద్దేశం ఏమిటంటే, ముందు అందరికీ గట్టి పునాది వేసి, మిగతాది ఎవరి పనికి ఏది అవసరమో అది, అవసరమైన సమయంలో, పని చేస్తూ నేర్చుకోవాలని. నా గొడవంతా ఆ రెండో భాగం గురించే. మొదటి భాగం అమల్లోకి వచ్చింది. రెండోది ఎవరు నేర్పాలి, ఎప్పుడు నేర్పాలి, ఆ టైము ఎవరి ఖాతాలోంచి రావాలి అన్నది చాలా ఆఫీసుల్లో గాలికి వదిలేశారు.

నేను ఇదివరకు పనిచేసిన ఒక ఆఫీసులో జరిగింది చెప్తాను, పేరు అనవసరం. ప్రయోగశాల పరికరాల మరమ్మతు, నిర్వహణ కాంట్రాక్టు ఒకటి ఉండేది, ఒక ఏడాది, దాని మీద నాలుగు ఆప్షన్ సంవత్సరాలు. ఆప్షన్ అంటే, ముందే ఒప్పుకున్న ధరకి ఇంకో ఏడాది పొడిగించుకునే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది, కంపెనీ కాదనడానికి లేదు. కానీ ఆ హక్కు వాడుకోవాలంటే గడువు ముగియడానికి కనీసం 60 రోజుల ముందు ‘మేం పొడిగించే ఉద్దేశంలో ఉన్నాం’ అని రాతపూర్వకంగా ముందస్తు నోటీసు ఇవ్వాలి, క్లాజులో వేరే సంఖ్య వేయకపోతే 60 అనే లెక్క. ఆ ఫైలు చూసే ఆవిడ రిటైరైపోయారు. ఆవిడ ఫైళ్లు పదిహేడు తీసుకెళ్లి, పరీక్ష పాసై నెల రోజులు కూడా కాని ఒక అబ్బాయికి అప్పగించారు. చాలా తెలివైన పిల్లాడు, పరీక్షలో మొదటిసారికే పాసయ్యాడు. అతను ఆ ఫైలు తెరిచి ఒక్కో కాగితం చూస్తూ ఆప్షన్ దగ్గరికి వచ్చేసరికి గడువుకి 41 రోజులే ఉన్నాయి.

ఇంకా 41 రోజులున్నాయి కదా అని అతను నింపాదిగానే నా దగ్గరికి వచ్చాడు. నేను కాంట్రాక్టు తీసి క్లాజు చూపించాను. నోటీసు ఇవ్వాల్సిన రోజు దాటిపోయి 19 రోజులైంది. ఆరు నెలల దాకా సేవలు పొడిగించుకునే క్లాజు ఇంకొకటి ఉంటుంది, సాధారణంగా ఇలాంటప్పుడు అదే ఆదుకుంటుంది, ఆ కాంట్రాక్టులో అది కూడా పెట్టలేదు. అప్పుడు అతను ఒక మాటన్నాడు, అది నేను మర్చిపోలేను. ‘క్లాజు పెట్టడం మర్చిపోయినా ఉన్నట్టే లెక్క అని 1963లో తీర్పు ఉంది కదండీ, చదివాను’ అన్నాడు. నిజమే, ఉంది. లూసియానాలో ఫోర్ట్ పోల్క్ దగ్గర సైనికుల ఇళ్ల నిర్మాణ కాంట్రాక్టుని ప్రభుత్వం రద్దు చేసినప్పుడు, ప్రభుత్వ సౌలభ్యం కోసం రద్దు చేసుకునే క్లాజు ఆ కాగితాల్లో లేకపోయినా ఉన్నట్టే భావించాలని కోర్టు చెప్పింది. కానీ అది నిబంధనల ప్రకారం తప్పనిసరిగా ఉండాల్సిన, ప్రభుత్వ విధానానికి మూలమైన క్లాజులకి. పెట్టాలా వద్దా అని ఆఫీసర్ నిర్ణయించుకునే ఈ ఆరు నెలల పొడిగింపు క్లాజుకి అది పనికిరాదు. అతను చదివింది తప్పు కాదు, ఎక్కడ వాడాలో తెలియలేదు, అంతే. చెప్పగానే ముఖం పాలిపోయింది. మేము కంపెనీతో మాట్లాడి, పోటీ లేకుండా ఎందుకు ఇవ్వాల్సి వస్తోందో సమర్థన రాసి, పై అధికారులతో ఒప్పించి, కొద్ది నెలలకి తాత్కాలిక కాంట్రాక్టు ఒకటి చేసుకుని, ఈలోపు కొత్తగా పోటీ పెట్టుకోవాల్సి వచ్చింది. కంపెనీ పాత ధరకి ఒప్పుకోలేదు, వాళ్లెందుకు ఒప్పుకుంటారు? ఆ ఎక్కువ ధర పన్ను కట్టేవాళ్ల డబ్బే.

తర్వాత జరిగిన మీటింగులో అందరూ ఆ అబ్బాయి వైపే చూశారు. నాకు చాలా కోపం వచ్చింది, అక్కడే చెప్పాను కూడా. పదిహేడు ఫైళ్లు ఇచ్చిన రోజు ఎవరైనా అతని పక్కన ఒక్క పూట కూర్చుని ఉంటే ఇది జరిగేది కాదు. ఎవరి ఫైలైనా మన చేతికొస్తే మొట్టమొదట రాసుకోవాల్సినవి మూడు తేదీలు, కాంట్రాక్టు ముగిసే తేదీ, ఆప్షన్ నోటీసు తేదీ, డబ్బు గడువు తీరే తేదీ. మిగతా ఫైలంతా తర్వాత చదువుకోవచ్చు. ఇది నాకు ఏ కోర్సులోనూ చెప్పలేదు, నేను చేరినప్పుడు మా సీనియర్ ఒకావిడ, ముప్పై ఏళ్ల సర్వీసు, పెన్సిల్‌తో ఫైలు అట్ట లోపలివైపు ఆ మూడూ రాసి చూపించింది. ఆప్షన్ అంటే ఏమిటని పరీక్ష అడుగుతుంది. ఆ తేదీ ఎక్కడ రాసి పెట్టుకోవాలో ఎవరూ అడగరు.

ఇంకొకటి, ధరల సంగతి. మా దగ్గర చేరిన ఒకమ్మాయి ఒక పరికరం కొనుగోలుకి ధర సమంజసమే అని నివేదిక రాసింది, ‘రెండు కొటేషన్లు వచ్చాయి, పోటీ ఉంది, తక్కువ ధర ఎంచుకున్నాం’ అని. పాత ఫైల్లోంచి వాక్యాలు తీసుకుంది, భాషంతా శుభ్రంగా ఉంది. నేను ఆ రెండో కొటేషన్ తీసి, ఈ యంత్రం మనం అడిగిన స్పెసిఫికేషన్‌కి సరిపోతుందా అని అడిగాను. సరిపోదు, అందుకే పక్కన పెట్టాం అంది. మరి పనికిరాని దాని ధరతో పోల్చి ఇది సమంజసం అని ఎలా అంటున్నాం? కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే పాత కొనుగోళ్ల రికార్డుల్లో వెతికి ఇంకో శాఖ అదే యంత్రాన్ని తక్కువకి కొన్నట్టు పట్టుకుంది, కంపెనీకి ఫోన్ చేసి ఆ కాగితం ముందు పెట్టి ధర తగ్గించింది. ఆ రోజు సాయంత్రం ఆ పిల్ల ముఖంలో వెలుగు చూడాలి! మొత్తం కలిపి నాకు పట్టింది నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలు నా వార్షిక పనితీరు నివేదికలో ఎక్కడా కనిపించవు. ఎన్ని కాంట్రాక్టులు ఇచ్చాను, ఎన్ని రోజుల్లో ఇచ్చాను, అవే లెక్కలోకి వస్తాయి. సెప్టెంబరు 30తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది, ఆగస్టు నుంచి ఎవరికీ ఊపిరి ఆడదు, అప్పుడు కొత్త పిల్లలు సందేహం అడగాలన్నా భయపడతారు, సీనియర్లు చెప్పాలనుకున్నా చెప్పలేరు.

ఇప్పుడు పరిస్థితి ఇంకా కష్టమైంది. 2025లో డిఫర్డ్ రిజిగ్నేషన్ కింద, అంటే ముందే రాజీనామా ఇచ్చి కొన్ని నెలలు జీతం తీసుకుని వెళ్లిపోయే పథకం కింద, ముందస్తు రిటైర్మెంట్ల కింద లక్షమందికి పైగా ఫెడరల్ ఉద్యోగులు వెళ్లిపోయారు, వాళ్లలో మా పనిలో పండిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. అదే ఏడాది ఏప్రిల్ 15న వచ్చిన అధ్యక్ష ఉత్తర్వుతో మా నిబంధనల గ్రంథం, మేము ‘ఫార్’ అంటాం, 1984 నుంచి అమల్లో ఉన్నది, మొత్తం తిరగరాయడం మొదలుపెట్టారు. చట్టం అడిగినవి ఉంచి మిగతావి తీసేసి తేలిక చేయాలన్నది ఉద్దేశం. తేలికైతే సంతోషమే, ఆ లావు పుస్తకం మోసినవాళ్లకే తెలుసు. కానీ ఒకసారి ఆలోచించండి. ఇలా చేయాలి అని రాసి ఉన్న చోట కొత్తవాళ్లు కనీసం చదువుకుని చేయగలరు. మీ విచక్షణతో నిర్ణయించుకోండి అని వదిలేసిన చోట ఆ విచక్షణ వాళ్లకి ఎక్కడి నుంచి వస్తుంది? అంకెలు కూడా మారాయి, 2025 అక్టోబరు 1 నుంచి సులభ పద్ధతిలో కొనే పరిమితి 2,50,000 డాలర్ల నుంచి 3,50,000కి, చిన్న కొనుగోళ్ల పరిమితి 10,000 నుంచి 15,000కి పెరిగాయి. పాత అంకె కంఠతా పట్టి పరీక్ష రాసినవాళ్లకి ఆ అంకె ఇప్పుడు పనికిరాదు. ఆ పరిమితి ఎందుకుందో, దాని కింద ఉంటే ఏం మారుతుందో, దాన్ని తప్పించుకోవడానికి ఒకే అవసరాన్ని రెండు ముక్కలు చేయడం ఎందుకు తప్పో తెలిసినవాళ్లకి అంకె మారినా ఇబ్బంది లేదు.

ఇంతకీ నేను అడిగేది పెద్ద కోరిక కాదు, కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పరీక్ష అసలే వద్దు. కొత్తగా చేరిన ప్రతి స్పెషలిస్టుకీ మొదటి రెండేళ్లు పేరుపేరునా ఒక సీనియర్‌ని అప్పగించాలి, ఆ సీనియర్ చేతిలో ఫైళ్లు ఆ మేరకు తగ్గించాలి, నేర్పిన గంటలు పనిగా లెక్కలో వేయాలి. సర్టిఫికెట్ ఇచ్చే ముందు పరీక్ష మార్కులతో పాటు ఆ మనిషి స్వయంగా చేసిన పనులు చూడాలి, ఒక పోటీ కొనుగోలు మొదటి నుంచి చివరి దాకా, ఒక ధర నివేదిక, ఒక ఆప్షన్, ఓడిపోయిన కంపెనీకి ఎందుకు రాలేదో ఎదురుగా కూర్చుని చెప్పిన ఒక సమావేశం. ఈ చివరిది ఎంత ముఖ్యమో చెప్పలేను. ఓడిపోయినవాళ్లకి సరిగ్గా చెప్తే చాలాసార్లు గొడవ అక్కడితో ఆగిపోతుంది, తడబడితే వాళ్లకి అనుమానం వచ్చి ప్రొటెస్ట్, అంటే ఆ ఎంపిక మీద అధికారికంగా ఫిర్యాదు, వేస్తారు, అప్పుడు నిర్ణయం రావడానికి 100 రోజుల దాకా పట్టొచ్చు, చాలా సందర్భాల్లో అప్పటిదాకా పని ఆగిపోతుంది. కొన్ని ఆఫీసులు ఇవన్నీ ఇప్పటికే చక్కగా చేస్తున్నాయి, అక్కడ చేరినవాళ్లు అదృష్టవంతులు. అది అదృష్టం మీద ఆధారపడకూడదన్నదే నా బాధ.

మీ పత్రిక చదివే కుటుంబాల్లో ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు, పౌరసత్వం వచ్చినవాళ్లు ఈ ఉద్యోగాల్లోకి వస్తున్నారు, మంచి ఉద్యోగం, రమ్మనే చెప్తాను. మా పెద్దమ్మ కూతురు బిడ్డ కూడా ఒక పౌర శాఖలో ఇదే ఉద్యోగంలో చేరింది. పోయిన నెల ఫోన్ చేసి ‘పిన్నీ, ఎగ్జామ్ పాసయ్యాను’ అని ఒకటే సంబరం, వాట్సాప్ గ్రూపు నిండా అభినందనలు. నేనూ సంతోషపడ్డాను, మిఠాయిలు కూడా పంపాను. రెండు రోజులాగి నేనే ఫోన్ చేసి, ‘నీ పక్కన ఎవరు కూర్చుంటున్నారు తల్లీ?’ అని అడిగాను. ‘ఎవరూ లేరు పిన్నీ, మా టీములో అందరికంటే సీనియర్‌కి మూడేళ్ల సర్వీసు’ అంది. అయితే సిగ్గుపడకుండా మీ సూపర్‌వైజర్ని అడుగు, ఇంకో టీములోంచైనా ఒకరిని ఇవ్వమను, వారానికి రెండు గంటలైనా చాలు అన్నాను. అడిగింది. వేరే అంతస్తులో ఇరవై ఆరేళ్ల సర్వీసున్న ఒకాయన ఒప్పుకున్నారట, గురువారం మధ్యాహ్నాలు. మొదటి గురువారం ఆయన దీని చేతిలో ఉన్న ఫైళ్లన్నీ బల్ల మీద పెట్టించి ఒక్కోదాని తేదీలు రాయించారు, రెండు ఆప్షన్ నోటీసులు ఆ నెలలోనే వెళ్లాల్సినవి బయటపడ్డాయి. రెండూ శుక్రవారమే పంపించేసింది.

ఇట్లు,
వర్జీనియా నుంచి మీ పాఠకురాలు